చెప్పు జారిన చోట

డాక్టర్ అభిషేక్ శవం అల్లవరం పంటకాలువలో గుర్రపుడెక్క కింద దొరికింది. జేబులో పర్సు అలాగే ఉంది. చేతికి వాచీ ఉంది. మెడ వెనక మాత్రం సూది గుచ్చినంత మచ్చ ఉంది. కాలు జారి కాలువలో పడ్డాడని కేసు రాసుకున్నారు. చనిపోయే ముందు అతను ఢిల్లీకి ఒకే ఒక్క మెసేజ్ పంపాడు. 'ఇది వైరస్ కాకపోవచ్చు.'

ఆ మెసేజ్ తిరిగి తిరిగి సెక్షన్ నైన్‌కు చేరింది. సెక్షన్ నైన్ పేరు ఏ ప్రభుత్వ బోర్డు మీదా కనిపించదు. అందులో పనిచేసేవాళ్ళు కూడా వీలైనంతవరకు కనిపించరు. ఏజెంట్ సుభాష్‌కి యాభై దాటాయి. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. వాలంటరీ రిటైర్మెంట్ అడిగిన ప్రతిసారీ చీఫ్ ఇంకో ఫైల్ చేతిలో పెడుతున్నాడు.

"కోనసీమ ఎప్పుడైనా చూశావా?" అన్నాడు చీఫ్.

"సినిమాల్లో చూశాను సార్."

"ఈసారి డ్యూటీ మీద చూడు. అక్కడ జనానికి కాళ్ళు పడిపోతున్నాయి. ముందు తిమ్మిరి. తర్వాత నడక పోతుంది. ముదిరితే ఊపిరి. రోగిని చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి కూడా అదే జబ్బు. అంటే అంటుకుంటోంది. అంటే వైరస్. దాన్ని ఎవరైనా కావాలని వదిలారా అన్నదే మన ప్రశ్న."

"ఆ జబ్బు చూడ్డానికి వెళ్ళిన అభిషేక్ వైరస్ కాకపోవచ్చన్నాడు."

"అందుకే చచ్చిపోయాడేమో."

పైకి చెప్పుకోవడానికి ఒక ఉద్యోగం, కవర్, సిద్ధమైంది. దోమల సర్వే ఆఫీసర్. పేరు సుభాషే. కొత్త పేరు గుర్తుపెట్టుకునే ఓపిక అతనికి పోయిందని చీఫ్‌కి తెలుసు. పొగమందు కొట్టే మిషన్‌లో కెమెరా అమర్చారు. ఎడమ చెప్పు అడుగున ట్రాన్స్‌మీటర్ పెట్టారు. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మం బయట విప్పేసే వస్తువులో ట్రాన్స్‌మీటర్ పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వాడు ఒక్కసారి కూడా ఇంకొకరి ఇంటికి భోజనానికి వెళ్ళి ఉండడు.

"అక్కడ మనవాళ్ళు ఇద్దరున్నారు," అన్నాడు చీఫ్. "ఒకడు దుర్గాసాయి. అమలాపురం ఆసుపత్రి గేటు దగ్గర కొబ్బరిబొండాల బండి. రెండోది సన్నజాజి."

సన్నజాజి అంటే డాక్టర్ లీలావతి. ఊళ్ళలో ఉచిత వైద్యం చేసే ఒక విదేశీ ఫౌండేషన్‌లో డాక్టరు. ఆ ఫౌండేషన్ వెనక ఎవరున్నారో సెక్షన్ నైన్‌కు చేరవేసే డబుల్ ఏజెంట్. చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూసేటంత అందగత్తె. సుభాష్ ఆమెను ఇంతకు ముందు కొలంబోలో ఒకసారి కలిశాడు, తిరిగి చూశాడు కూడా.

అల్లవరం దగ్గర ఏసుదాసు మాస్టారి మేడ మీద గదిలో సుభాష్ దిగాడు. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. భార్య సువర్ణ. ఒక్కతే కూతురు జాస్మిన్, ఆ ఊళ్ళోనే నర్సు. కాళ్ళజబ్బు వచ్చిన ప్రతి ఇంటికీ తిరిగింది, బీపీ చూసింది, ధైర్యం చెప్పింది, చివరికి తనే మంచం పట్టింది. ఇప్పుడు అమలాపురం ఆసుపత్రిలో ఉంది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తోంది.

సువర్ణ పొద్దున ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. సుభాష్ దిగిన రోజు ఆమె గుమ్మంలోనే ఎదురైంది.

"దోమల మీదొచ్చేరాండీ అన్నయ్యగారూ? మా అమ్మాయికి కూడా దోమ వల్లేనాండీ?"

"అదే చూద్దామని వచ్చానమ్మా."

"బతుకుతుంది కదండీ?"

"బతుకుతుంది," అన్నాడు సుభాష్. ఏమీ తెలియకుండా గట్టిగా చెప్పడం అతని ఉద్యోగంలో రోజూ ఉండేదే. కానీ ఆమె ఆ మాటను నమ్మి కళ్ళు తుడుచుకుంటుంటే అతనికి ఇబ్బందిగా అనిపించింది.

"ఆయ్. ముందు బొండాం తాగండి. ఎండన పడొచ్చేరు," అంది.

తాగాడు. మర్నాటి నుంచి మిషన్ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరిని కదిపినా ఒకటే మొదలు. "నడుస్తుంటే చెప్పు జారిపోయిందండీ. జారినట్టు నాకు తెలీనే లేదండీ." ఆ తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత మంచం. ఒక ఇంట్లో మామగారికి వస్తే చూడ్డానికి రాజోలు నుంచి వచ్చిన అల్లుడికి వచ్చింది. అల్లుడిని చూడ్డానికి వచ్చిన పిన్నిగారికి వచ్చింది. ప్రతిచోటా ముందు బొండాం, తర్వాత మాట. వద్దంటే ముఖాలు చిన్నబోతాయి. ముఖం చిన్నబుచ్చి సమాచారం రాబట్టడం అతనికి ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు. రెండు వారాలు తిరిగేసరికి కెమెరాలో పొగ తప్ప ఏమీ పడలేదు, ఒంట్లో మాత్రం నిస్సత్తువ మిగిలింది. వయసు మీద పడిందనుకున్నాడు.

లీలావతితో మీటింగ్ బండారులంకలో, పాపాయమ్మ గారి చీరల కొట్లో. నల్ల కళ్ళద్దాలు, తెల్లని నేతచీర. ఆమె లోపలికి రాగానే పాపాయమ్మ గారు ఫ్యాను ఆమె వైపు తిప్పేసింది.

"ఆకుపచ్చ అంచులో ఉందాండీ?" అంది లీలావతి. అది కోడ్.

"ఉంది. ఉతికితే రంగు దిగుతుంది," అన్నాడు సుభాష్. అది జవాబు.

"రంగు దిగడమేంటండీ?" అంది పాపాయమ్మ గారు నొచ్చుకుని. "మీరు దోమలాఫీసరు కదండీ, మా చీరల సంగతి మీకెవరు చెప్పేరు?"

క్షమాపణ చెప్పుకుని ఒక చీర కొంటే గాని ఆవిడ శాంతించలేదు. ఆవిడ బిల్లు రాస్తుండగా లీలావతి గొంతు తగ్గించి చెప్పేసింది.

"వైరస్సే. శాంపిల్స్ అన్నిట్లో దొరికింది. విక్టర్ ల్యాబ్ నుంచే బయటపడి ఉంటుంది."

విక్టర్ ఫౌండేషన్ డైరెక్టరు. ఏ దేశంవాడో సెక్షన్ నైన్‌కే సరిగ్గా తెలియదు.

"ఇప్పుడేం చేద్దాం?"

"రేపు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వైరస్ అని సంతకం చేస్తాడు. వెంటనే మా ఇంజెక్షన్ మొదలు. ఫస్ట్ పేషెంట్ జాస్మిన్. మీరు అడ్డు రావద్దు సుభాష్. ముందు వీళ్ళు బతకాలి. విక్టర్‌ని తర్వాత చూసుకుందాం."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జాస్మిన్ బతుకుతుందంటే చాలనిపించింది అతనికి. ఈలోగా పాపాయమ్మ గారు రెండు బొండాలు కొట్టించి తెచ్చింది.

"నాకు షుగరండీ," అంది లీలావతి నవ్వుతూ.

"బొండాం ఏమీ చెయ్యదండీ. కాస్త నోరు తడుపుకోండి."

"వద్దండీ. డాక్టర్లు ఒప్పుకోరు."

పాపాయమ్మ గారి ముఖం చిన్నబోయింది. ఆ రెండో బొండాం కూడా సుభాషే తాగాడు. బయటికి వచ్చాక లీలావతి కారు డోరు తెరిచి, సీటు మీద ఉన్న అట్టపెట్టెలోంచి పూతరేకు ఒకటి తీసి కొరుక్కుంటూ, ఇంకొకటి అతనికి ఇచ్చింది. బెల్లం బాగా పట్టించిన పూతరేకు. తిన్నాడు. దాని గురించి మరి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున ఆటోలో అమలాపురం బయల్దేరాడు. ఊరు దాటిన కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు.

"ఏంటి, నిద్రపోతున్నావా? పొద్దున్నుంచి ట్రాన్స్‌మీటర్ ఒకేచోట ఉంది."

"లేదు సార్. ఆటోలో వెళ్తున్నాను."

అంటూనే కిందికి చూశాడు. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమకాలు ఉత్తిది. అరికాలి నిండా బురద. ఆ కాలితోనే పెరట్లోంచి నడిచి వచ్చి ఆటో ఎక్కాడు. చెప్పు జారినట్టు తెలియలేదు. బురద చల్లదనం కూడా తెలియలేదు. బొటనవేలిని గట్టిగా గిల్లి చూసుకున్నాడు. అది ఎవరి వేలో అన్నట్టుంది.

ఇన్నేళ్ళ సర్వీసులో అతని మీద కాల్పులు జరిగాయి, ఒకసారి టీలో విషం కూడా కలిపారు. అప్పుడెప్పుడూ ఇంత భయం వెయ్యలేదు.

"సుభాష్, లైన్లో ఉన్నావా? ఇంకో విషయం. అభిషేక్ మొదట్లో సొంతంగా పంపిన శాంపిల్స్ రిపోర్ట్ ఇప్పుడే వచ్చింది. వాటిలో వైరస్ లేదు. ఫౌండేషన్ ఫ్రిజ్‌లో పెట్టి పంపినవాటిలోనే ఉంది."

"ఆ ఫ్రిజ్ ఎవరి చేతిలో ఉంటుంది సార్?"

చీఫ్ కాగితాలు తిరగేశాడు. "లీలావతి," అన్నాడు చివరికి.

ఆటో వెనక్కి తిరిగింది. చెప్పు మాస్టారి పెరట్లోనే, కొబ్బరిచెట్టు మొదట్లో బోర్లా పడి ఉంది. దాని పట్టీకి పురికొస చిక్కుకుంది. లాగితే మట్టి లేచి, వేరుకు కట్టిన చిన్న పాలిథిన్ సంచి బయటపడింది. అడుగున ఎర్రటి మందు కొంచెం మిగిలి ఉంది. సంచి మీద ఆకు బొమ్మ, ఫౌండేషన్ జీపుల మీద ఉండే బొమ్మే.

ఏసుదాసు మాస్టారు పళ్ళు తోముకుంటూ వచ్చారు. "అది కొబ్బరాకుకి పట్టే తెల్లదోమకి మందండీ. చెట్టు వేరుకి కడితే పీల్చుకుంటుంది. ఫౌండేషనోళ్ళు ఊరంతా ఉచితంగా పంచేరు."

"మందు పీల్చుకున్న చెట్టు కాయ తాగొచ్చా మాస్టారూ?"

"మామూలు మందు కడితే కొన్నాళ్ళు కాయ దింపమండీ. ఇది కొత్త రకం, అలాంటి పట్టింపేం లేదన్నారు. ఆ లీలావతి డాక్టరుగారే మైకులో చెప్పేరు."

సుభాష్ చెట్టును పట్టుకుని నిలబడిపోయాడు. ఒకరికి జబ్బు చేస్తుంది. చుట్టాలు చూడ్డానికి వస్తారు. ఎండన పడి వచ్చారని వాళ్ళకు బొండాం ఇస్తారు. వాళ్ళు పడిపోతారు. వాళ్ళను చూడ్డానికి ఇంకొందరు వస్తారు. ఇల్లిల్లూ తిరిగిన నర్సు ఇల్లిల్లూ తాగింది. ఢిల్లీలో పెద్దలంతా కలిసి దానికి అంటువ్యాధి అని పేరు పెట్టారు. ఏ వైరసూ ఇంత మర్యాదగా పాకదు. షుగరున్న ఆవిడ పూతరేకు తిన్నప్పుడైనా అతనికి అర్థమై ఉండాల్సింది.

"సువర్ణమ్మగారు ఏరీ?"

"ఆసుపత్రికెళ్ళేరండీ. ఇంజెక్షను ఈ పూటే కదండీ. అమ్మాయికి నీరసంగా ఉందని ఈ చెట్టువే నాలుగు బొండాలు పట్టుకెళ్ళేరు."

ఆమెకు ఫోన్ చేస్తే వంటింట్లో మోగింది. ఛార్జింగ్ పెట్టి మరిచిపోయింది.

"మాస్టారూ, స్కూటర్ తియ్యండి."

ఏసుదాసు మాస్టారు మారు ప్రశ్న వెయ్యకుండా స్కూటర్ తీశారు. ఆయన బండిని ఎప్పుడూ సైకిళ్ళు దాటి పోతుంటాయి. ఆ రోజు దారిలో ఆయన రెండు లారీలను దాటించారు. సుభాష్ వెనక కూర్చుని, చచ్చుబడ్డ కాలు జారకుండా చేత్తో పట్టుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర దుర్గాసాయి తలపాగా చుట్టుకుని బొండాలు కొడుతున్నాడు. నలభై ఏళ్ళవాడు, కాస్త పొట్ట. మారువేషంలో అతన్ని మించినవాడు సెక్షన్‌లో లేడు.

"బేరం ఎలా ఉంది?" అన్నాడు సుభాష్.

"అద్దిరిపోతోంది సార్. రోగుల తాలూకు జనం మన దగ్గరే..."

"అవన్నీ అల్లవరం కాయలేనా?"

"అవును సార్. చవగ్గా వస్తాయి."

"నువ్వు తాగుతున్నావా?"

"నాకు పడవు సార్. జలుబు చేస్తుంది."

"బండి మూసెయ్. ఇంక ఒక్కటి కూడా అమ్మకు. కత్తి పట్టుకుని నా వెనక రా."

దుర్గాసాయి మెట్లు ఎక్కుతుండగా విషయం విన్నాడు. అతని ముఖంలో రంగు పోయింది. తన చేత్తో ఎంతమందికి కొట్టి ఇచ్చాడో తలుచుకుంటున్నాడని సుభాష్‌కి అర్థమైంది. ఓదార్చడానికి టైము లేదు.

వార్డులో టీవీ కెమెరాలు ఉన్నాయి. పెద్ద డాక్టరు కాగితం ముందు పెట్టుకుని పెన్ను మూత తీశారు. పక్కన విక్టర్, ఎత్తుగా, ఆ ఎండలో కోటు వేసుకుని ఉన్నాడు. మంచం మీద జాస్మిన్, మొహం పాలిపోయి, ఒక్కో ఊపిరీ వెతుక్కుంటూ పీలుస్తోంది. కుడివైపు లీలావతి సిరంజిలో గాలి తీస్తోంది. ఎడమవైపు సువర్ణ కూతురి తల ఎత్తి పట్టుకుని, గ్లాసు నోటి దగ్గర పెట్టింది. సూది చేతిని తాకబోతోంది. గ్లాసు పెదవిని తాకబోతోంది.

"అమ్మా, ఆ గ్లాసు ఆపండి," అన్నాడు సుభాష్.

సువర్ణ ఆగింది. అందరూ తిరిగి చూశారు. దోమల ఆఫీసరు ఒక చెప్పుతో, కాలీడ్చుకుంటూ మంచం దాకా వచ్చాడు. సువర్ణ చేతిలోంచి గ్లాసు తీసుకుని లీలావతి ముందు పెట్టాడు.

"డాక్టర్ గారూ, ఎండన పడి వచ్చారు. ఇది తాగి సూది వెయ్యండి."

"నాకు షుగర్. మీకు చెప్పాను."

"నిన్న పూతరేకు తిన్నారు."

"ఏమిటీ గొడవ?" అన్నారు పెద్ద డాక్టరు.

"గొడవేం లేదు సార్. డాక్టర్ గారు పంచిన మందు కట్టిన చెట్టు బొండాం నీళ్ళు ఇవి. ఒక్క గుక్క తాగితే నేను వెళ్ళిపోతాను. మీరు సంతకం చేసుకోండి."

కెమెరాలన్నీ గ్లాసు వైపు తిరిగాయి. లీలావతి గ్లాసును చూసింది, సుభాష్ కాలిని చూసింది. ఆమె చెయ్యి లేవలేదు. పెద్ద డాక్టరు పెన్నుకు మూత పెట్టేశారు.

విక్టర్ చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. దుర్గాసాయి కత్తి అడ్డంగా ఆ మణికట్టు మీద ఆనింది. "కదలకండి బాబూ. పొద్దున్నే సాన పట్టించేనండి," అన్నాడు. కోటులోంచి పెన్ను లాంటి సూది తుపాకీ కింద పడింది. అభిషేక్ మెడ మీద మచ్చ ఎక్కడిదో తెలిసిపోయింది.

లీలావతి సిరంజిని ట్రేలో పెట్టేసి కుర్చీలో కూర్చుంది.

"ఇందులో వైరస్ ఉంది కదూ?" అన్నాడు సుభాష్ మెల్లగా.

"ఉంది. బలహీనమైనది. ఈ ఇంజెక్షన్లు వేశాక ప్రపంచంలో ఏ ల్యాబ్ చూసినా రక్తంలో వైరస్సే కనిపిస్తుంది. ఆ తెల్లదోమ మందును విక్టర్ వాళ్ళ దేశంలో నిషేధించారు. ఇక్కడి చెట్ల మీద పరీక్షించారు. మనుషులు పడిపోతారనుకోలేదు. పడిపోయాక, నేరం మోయడానికి ఒక వైరస్ కావాల్సి వచ్చింది."

"ఈ పిల్ల ఆ సూదిని తట్టుకునేదా?"

ఆమె సిరంజి ఉన్న ట్రేను దూరంగా జరిపింది.

"ఎందుకు లీలావతీ?"

"అలిసిపోయాను. రెండు వైపులా పనిచేస్తే రెండు వైపులా భయమే. ఒక వైపు భయం తీసేస్తామన్నారు వాళ్ళు."

ఆ అలసట అతనికి బాగా తెలుసు. తెలిసినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. పోలీసులు వచ్చి ఆమెను తీసుకెళ్తుంటే ఈసారి తిరిగి చూడలేదు.

సువర్ణ మాత్రం మంచం పక్కనే నిలబడి అతని చేతిలో గ్లాసునే చూస్తోంది.

"అన్నయ్యగారూ, ఆ నీళ్ళలో ఏముందండీ?"

ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కూతురి తలను మెల్లగా దిండు మీద ఆనించి, తన చేతులను పమిటతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఉంది.

ఊళ్ళల్లో సంచులన్నీ విప్పించారు. చెట్ల నుంచి కాయలు దింపి పూడ్చేశారు. కొత్త కేసులు ఆగిపోయాయి. జాస్మిన్‌కి ముందు ఊపిరి తిరిగి వచ్చింది, తర్వాత మాట, చాలా రోజులకు కాళ్ళు. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసిన రోజున మాస్టారు స్కూలుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఏడ్చారు. సుభాష్ కాలికి బెల్టు కట్టారు. నరం మళ్ళీ చిగురించడానికి టైము పడుతుందన్నారు. ఎంత టైమో చెప్పలేదు.

ఢిల్లీ వెళ్ళే ముందు అతను మాస్టారి ఇంటికి వెళ్ళాడు. సువర్ణ టీ తెచ్చి ఇచ్చింది. బాగా చిక్కిపోయింది.

"ఇంటికొచ్చినోళ్ళకి ఏమివ్వాలో తెలీట్లేదండీ," అంది. "నా పిల్లకి నా చేత్తో నేనే పట్టేనండీ. ఆసుపత్రిలో కూడా పట్టేను."

సుభాష్ ఆలోచించాడు. దేశం కోసం అతను చాలా అబద్ధాలు చెప్పాడు. వాటిలో చాలావాటికి ఫైళ్ళున్నాయి. ఈ అబద్ధానికి ఎవరి ఆర్డరూ లేదు.

"మీకు చెబుదామనే వచ్చానమ్మా. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. మీ చెట్టు సంచిలో మందు లేదు, రంగు నీళ్ళే ఉన్నాయి. కొన్ని సంచులు మందు లేకుండానే పంచారట. జాస్మిన్ తాగింది బయటి ఇళ్ళల్లో, ఆసుపత్రి గేటు దగ్గర మావాడు అమ్మినవి. మీరు పట్టించినదాంట్లో ఏమీ లేదు."

రిపోర్టు నంబరుతో సహా చెప్పాడు. కళ్ళలోకి చూసి చెప్పాడు. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు.

సువర్ణ అంతా విని అతనికి ఎదురుగా కూర్చుంది.

"ఆయ్," అంది. "మంచి మాట చెప్పేరండీ. కాపోతే ఆ సంచి మీ ల్యాబోళ్ళు వచ్చే ముందే నేను దాచేసేనండీ. ఊళ్ళో అందరికీ తెలిస్తే ఎలాగని. ఇంకా మా అటక మీదే ఉంది. గేటు దగ్గరది మా అమ్మాయికి ఒక్కటి కూడా కొన్లేదండీ."

సుభాష్ అటక వైపు చూశాడు.

"టీ చల్లారిపోతుంది, తాగండి అన్నయ్యగారూ," అంది ఆమె. "నా కోసం అంత శ్రమపడ్డారు. అది చాలండీ నాకు."

సుభాష్ తల వంచుకుని టీ తాగాడు. ఇన్నేళ్ళలో మూడు దేశాల గూఢచారులు అతని కవర్ విప్పాలని చూశారు గానీ, విప్పిన తర్వాత ఇంకో కప్పు పొయ్యమంటారా అని మాత్రం ఎవరూ అడగలేదు.